520 అడుగుల బోరులో నీళ్లు పడలేదు, 800కి దింపాలా? కిన్‌వట్ గుట్టల్లో మందకు నీళ్ల గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మహారాష్ట్రలోని కిన్‌వట్ తాలూకాలో గుట్టల కింద మీ నాన్నగారి 14 ఎకరాలు ఉన్నాయి. అందులో 30 ఆవులు, 50 మేకలతో మంద పెట్టాలనుకుంటున్నారు. ఒక బోరు 350 అడుగులు, ఇంకొకటి 520 అడుగులు వేయించారు. రెండిట్లోనూ దుమ్మే వచ్చింది. 800కి దిగితే నీళ్లు గ్యారంటీ అని రిగ్గు వాళ్లు అంటున్నారు. ‘ఎండాకాలం మా వైపు ఎడారే, అసలు ఇక్కడ మంద నిలుస్తుందా’ అని చివర్లో అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 800 అడుగులకు వెళ్లకండి. మీ మందకు చాలినన్ని నీళ్లు దొరికితే 35, 45 అడుగుల లోపలే, వాగు పక్కన పల్లంలో, వెడల్పాటి బావిలో దొరుకుతాయి. మంద నిలుస్తుంది. కానీ ఎన్ని పశువులు అన్నది మీ దగ్గరున్న డబ్బు చూసి కాదు, రోహిణి కార్తెలో మీ బావి ఇచ్చే నీళ్లు చూసి తేల్చుకోవాలి.

నేను 1996 నుంచి బావుల పనిలో ఉన్నాను. మా నాన్న బావుల మేస్త్రీ. భోకర్, కిన్‌వట్, మాహూర్ వైపు, ఇటు ఆదిలాబాద్ వైపు తవ్వించాను, పూడిక తీయించాను. ఇంటి దగ్గర ఎర్ర కంధారి ఆవులు ఉన్నాయి. అందుకని రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మీ పొలం కింద ఉన్నది దక్కను నల్లరాయి, అంటే బసాల్టు. 6.6 కోట్ల ఏళ్ల కిందట లావా పొర మీద పొరగా పారి గడ్డకట్టింది. ఇప్పటికీ దేశంలో 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. మనం దాని తూర్పు అంచున ఉన్నాం. ఈ రాయి ఇసుకలా నీళ్లు పీల్చుకోదు. పైన ఎండకూ వానకూ చివికిన మొరం, దాని కింద పగుళ్లున్న మెత్తబండ, ఆ కింద గట్టిబండ ఉంటాయి. నీళ్లు ఉండేది మొదటి రెండిట్లోనే. గట్టిబండలోకి దిగేకొద్దీ పై బరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య ఎర్రమట్టి లాంటి పొర వస్తుంది. బోరులోంచి ఎర్రటి బురద పొడి పైకి రావడం మీరూ చూసే ఉంటారు. చాలా చోట్ల అది నీళ్లను ఇవ్వదు, కిందికి పోనివ్వదు.

మా ఇంటి గడప పక్కన ఒక రాయి పెట్టుకున్నాను, బావిలోంచి తీసింది. అట్టు చిల్లుల్లా నిండా గుంతలు. లావా చల్లారేటప్పుడు గాలి బుడగలు చిక్కుకుని మిగిలిన గుంతలు అవి. సగం గుంతల్లో తెల్లటి స్ఫటికం నిండిపోయింది, సగం ఖాళీ. నీళ్లు పోస్తే ఒక వైపు చెమ్మగిల్లుతుంది, రెండో వైపు పొడిగానే ఉంటుంది. మీ పక్క పొలంలో నీళ్లుండి మీ పొలంలో లేకపోవడానికి కారణం అడిగేవాళ్లకు ఆ రాయినే చేతికిస్తాను.

లోతుగా వెళ్తే ఎప్పుడూ పడవని అనను. రెండు పొరలు కలిసేచోట 200, 300 అడుగుల్లో నీళ్లు తగిలిన బోర్లు నాకు తెలుసు. కానీ మీరు ఆ లోతు ఇప్పటికే రెండుసార్లు దాటారు. 520 దాకా పొడిగా ఉన్న చోట ఇంకో 280 అడుగులు దింపడమంటే ఖర్చు ఖాయం, నీళ్లు కాదు. గ్యారంటీ అన్నవాళ్లను కాగితం మీద రాసివ్వమనండి. నేను అడిగిన ఇన్నేళ్లలో ఎవరూ రాసివ్వలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లోతు బోరు పైన ఉన్న నీళ్లను కిందికి దించేయగలదు. కేసింగు, అంటే బోరు పైభాగంలో దింపే పైపు, మొరం దాకా సరిగ్గా దింపకపోతే, మెత్తబండలోని చెమ్మ ఆ రంధ్రం వెంట కిందికి జారి ఎక్కడో పొడి పగుళ్లలో పోతుంది. అందుకే మీ రెండు బోర్లనూ అలా వదలొద్దు. కంకర, మట్టి వేసి కింది నుంచి పైదాకా నింపించి, పైన బంకమట్టి దిమ్మిస కొట్టించండి. పిల్లలు పడే ప్రమాదం ఎలాగూ ఉంది, పైగా రేపు మీరు తవ్వే బావికి అవి దొంగ తూములవుతాయి.

ఎడారి అన్నారు కాబట్టి ఒక మాట. 2018లో పాడిరైతుల బృందంతో జైసల్మేర్ వెళ్లాను. అక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మన దగ్గర వెయ్యికి అటూఇటూ పడుతుంది. అంటే అయిదు రెట్లు. అయినా థార్‌పార్కర్ ఆవుల మందలు అక్కడ తరతరాలుగా బతుకుతున్నాయి. ఎలాగంటే, వాళ్లు నీళ్లను ఎండకు వదలరు. ఇంటి దగ్గర టాంకా అని నేలలో గుండ్రటి తొట్టి కట్టి పైన కప్పేస్తారు. చుట్టూ నేలను గట్టిగా చదును చేసి వాన మొత్తం అందులోకి మళ్లిస్తారు. పొలాల్లో ఖడీన్ అని పల్లానికి అడ్డంగా పొడవాటి మట్టికట్ట వేసి, వాన నీళ్లు నిలిపి, ఇంకిన తర్వాత ఆ తడి మీదే గోధుమ, శనగ వేస్తారు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది బేరీ. సన్నటి నోరున్న చిన్న బావి. ఇసుక కింద జిప్సం పొర ఉంటే దాని మీద వాన నీటి చెమ్మ నిలుస్తుంది. ఆ పొర దాకానే తవ్వుతారు, పొర పగలనివ్వరు. పగిలితే కింద ఉప్పునీళ్లు. ఒక పెద్దాయన మమ్మల్ని బేరీ దగ్గర కూర్చోబెట్టి తోలు చేద వేసి తోడాడు. బిందెడు కూడా రాలేదు. ‘ఆగండి, ఊరుతుంది’ అన్నాడు. గంట తర్వాత మళ్లీ వేస్తే మళ్లీ అంతే వచ్చింది. ఆ గంటకు బిందె చొప్పున లెక్కేసుకునే ఆయన మంద పెట్టాడు. మన మొరం, మెత్తబండ కూడా ఆ ఇసుక లాంటిదే, గట్టిబండ ఆ జిప్సం పొర లాంటిదే. ఆగాల్సిన చోట ఆగడం ఆయనకు తెలుసు.

ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే మీ భయం సగం లెక్క వేయకపోవడం వల్లే.

ఎండాకాలంలో ఆవుకు రోజుకు 60 లీటర్లు వేసుకోండి. పాలిచ్చే ఆవుకు లీటరు పాలకు ఇంకో మూడు నాలుగు లీటర్లు కలపాలి. మేకకు 6 లీటర్లు. 30 ఆవులకు 1,800, 50 మేకలకు 300. మొత్తం రోజుకు 2,100 లీటర్లు. కడగడానికి, ఒలికిపోయేదానికి కలిపి 2,800 అనుకోండి. 6 మీటర్ల వెడల్పున్న గుండ్రటి బావిలో ఒక్క మీటరు నీళ్లంటే 28 వేల లీటర్లు. అంటే మీ మంద మొత్తానికి రోజుకు 10 సెంటీమీటర్ల ఊట చాలు. జానెడు కూడా కాదు. 800 అడుగుల నుంచి మోటారుతో లాగాల్సిన అవసరం ఎక్కడుంది?

మరి ఈ ప్రాంతంలో మందలు ఎందుకు ఎత్తేస్తారంటే, తాగే నీళ్లకు కాదు, పచ్చిగడ్డికి. ఒక ఎకరం నేపియర్ గడ్డికి ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 20 వేల లీటర్లు కావాలి. మీ మంద తాగే నీళ్లకు దాదాపు పదింతలు. ఒకే బావి మీద మంద, రెండెకరాల నేపియర్ పెట్టుకున్నవాళ్లకు ఫిబ్రవరిలోనే బావి అడుగు కనిపిస్తుంది. నేనూ అదే చేశాను. 2015 వానాకాలం మాడిపోయింది. లాతూరుకు రైలులో నీళ్లు పంపిన ఏడాది అది, 2016 ఏప్రిల్. నా దగ్గర అప్పుడు 42 పశువులున్నాయి. గడ్డి కాపాడాలని డిసెంబరు, జనవరి అంతా మోటారు నడిపాను. ఏప్రిల్‌లో తెల్లారి బావిలోకి చూస్తే నీళ్ల మీద నా తల నీడ కూడా పడనంత తక్కువ ఉన్నాయి. 17 పశువులను సంతకు తోలాను. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాళ్లు లేరు. సగం ధర కూడా రాలేదు. వాటిలో మా ఇంట్లో పుట్టి పెరిగిన ఎర్రావు ఉంది. మూడో ఈత. లారీ ఎక్కిస్తుంటే అది నా వైపు తిరిగి నిలబడింది. ఇప్పటికీ ఆ బావి మీద గడ్డికి ఒక్క తడి ఇవ్వను.

కాబట్టి మేతకు దారి వేరే పెట్టుకోండి. మీ 14 ఎకరాల్లో నల్లరేగడి ఎంతుందో మీరు రాయలేదు. రేగడిలో యాసంగి జొన్న నీళ్లు పెట్టకుండా, నేలలో మిగిలిన తడి మీదే వస్తుంది. గింజ ఇంటికి, చొప్ప మందకు. కంది, సోయా పొట్టు మీ చుట్టుపక్కల చవకగా దొరికేది కోతల రోజుల్లోనే, అప్పుడే కొని వామి వేయండి. గుట్ట వాలులో స్టైలో, అంజన్ గడ్డి వానకు ముందు చల్లి, రెండేళ్లు పశువులు తొక్కకుండా కాపాడుకుంటే ఆ తర్వాత అదే నిలబడుతుంది.

బావి ఎక్కడ అన్నది అసలు ప్రశ్న. ఫోటోలు చూసి నేను చోటు చెప్పలేను, ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ మీరే చూసుకోవలసినవి చెప్తాను. గుట్ట వాలు ఆగి నేల చదును అయ్యే చోట, రెండు ఒర్రెలు కలిసే చోట మొరం మందంగా పేరుకుంటుంది. మే నెలలో అక్కడ నడవండి. చుట్టూ అన్నీ మోడుగా ఉన్నప్పుడు మేడి, నేరేడు, ఈత ఆకు పచ్చగా ఉంటే వాటి వేళ్లకు తడి అందుతోందన్నమాట. చెట్టును గుడ్డిగా నమ్మొద్దు, కానీ అబద్ధం చెప్తే చెట్టుకు వచ్చే లాభం లేదు. తర్వాత కిలోమీటరు లోపల ఉన్న ప్రతి బావి దగ్గరికీ తాడు, రాయి పట్టుకుని వెళ్లండి. జనవరిలో ఎవరి బావి చూసినా నిండుగా ఉంటుంది. రోహిణిలో ఎన్ని మూరల నీళ్లున్నాయి, మోటారు ఎన్ని నిమిషాలకు ఆగుతుంది, మళ్లీ అంత ఊరడానికి ఎంతసేపు పడుతుంది, ఈ మూడూ అడిగి రాసుకోండి. ఆ మూడు అంకెలు కొబ్బరికాయ పట్టుకుని నీళ్ల చోటు చెప్పేవాళ్ల మాట కన్నా, నేను చెప్పే మాట కన్నా గట్టివి.

మీ రెండు బోర్లూ ఇంటి దగ్గర, ఎత్తు మీద వేశారని రాశారు. చాలామంది అంతే చేస్తారు, కరెంటు దగ్గర, దారి దగ్గర. నీళ్లు మన వసతి చూసుకోవు. పల్లంలో బావి తవ్వి, అక్కడి నుంచి 300 మీటర్లు పైపు వేసుకోండి.

తవ్వడం ఎండాకాలం చివర్లోనే పెట్టుకోండి. అప్పుడు తగిలిన ఊటే నిజమైన ఊట. వెడల్పు 6 మీటర్లకు తగ్గనివ్వకండి. మన రాయిలో ఊట నెమ్మది, రాత్రంతా ఊరినది పట్టి ఉంచడానికి చోటు కావాలి. గట్టిబండ తగిలి రెండు మీటర్లు దిగినా చెమ్మ పెరగకపోతే ఆపేయండి. అక్కడి నుంచి కిందికి కాదు, పక్కలకు వెళ్లాలి. మెత్తబండ మట్టంలో బావి గోడలోంచి అడ్డంగా బోర్లు వేస్తారు, మావైపు ఆడ బోర్లు అంటారు. వాగు వైపు ఒకటి, గుట్ట వైపు ఒకటి వేయించండి. 2009లో ఒక బావికి ఇలా నాలుగు వేయిస్తే మూడు పొడి, నాలుగోది బొటనవేలు లావున ధార కట్టింది. ఆ ఒక్కటే ఇప్పటికీ ఆ ఇంటి 20 బర్రెలను తాగిస్తోంది.

బావి తవ్వి వదిలేస్తే సరిపోదు, దానికి నీళ్లు ఇంకాలి. రేగడి నేల తొలివానలో పగుళ్లతో గటగటా తాగుతుంది, ఉబ్బగానే నోరు మూసుకుంటుంది. ఆ తర్వాత వాన అంతా వాగులోకి, వాగు పెన్‌గంగలోకి. అక్కడి నుంచి వార్ధా, ప్రాణహిత దాటి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మీ పొలం మీద పడ్డ వానను కాళేశ్వరం దాకా పంపే ముందు కాస్త ఆపండి. గుట్ట వాలులో మొరం ఉన్నచోట వాలుకు అడ్డంగా కందకాలు, ఒర్రెలో ఊళ్లో దొరికే రాళ్లతోనే చిన్న అడ్డుకట్టలు. బావికి ఎగువన ఉండాలి, దిగువన కాదు. ప్రతి వేసవీ పూడిక తీయకపోతే మూడో ఏటికి కందకం పేరుకే ఉంటుంది.

ప్లాస్టిక్ షీటు వేసిన శేత్తళె (పొలంలో నీటి కుంట) తవ్వుకోమని మీకు ఎవరో సలహా ఇచ్చారు. మంచిదే, కానీ రెండో ఆసరాగా. 20 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు, వాలు గట్లు ఉన్నది నిండితే సుమారు 7 లక్షల 40 వేల లీటర్లు. అక్టోబరు నుంచి మృగశిర దాకా ఎండ, గాలి కలిసి మీటరుకు పైగా లాగేస్తాయి. 1.3 మీటర్లు పోయిందనుకుంటే, గట్లు వాలు కాబట్టి మిగిలేది 3 లక్షల చిల్లర. మీ మందకు ఫిబ్రవరి నుంచి జూన్ సగం దాకా తాగడానికే 2 లక్షల 80 వేలు కావాలి. ఒక్క అడవిపంది షీటు చింపితే లెక్క తప్పుతుంది. తవ్వితే వెడల్పు తగ్గించి లోతు పెంచండి, ముళ్లకంప వేయండి.

పశువులను కుంటలోకి, వాగు మడుగులోకి దింపి తాగించే అలవాటు మానుకోవాలి. మడుగు అంచు బురదలో నత్తలుంటాయి, వాటి ద్వారా కార్జపు జలగ వస్తుంది. పాలు తగ్గి, దవడ కింద నీరు దిగితే అనుమానించాలి. బావి నీళ్లు తొట్టిలోకి తోడి తాగించండి. తొట్టి మీద నీడ ఉండాలి, వేడెక్కిన నీళ్లు ఆవు సరిగ్గా తాగదు. పదిహేను రోజులకోసారి తొట్టి ఖాళీ చేసి, గీకి, లోపల సున్నం పూయండి. పైగా మీది టిప్పేశ్వర్, పెన్‌గంగ అభయారణ్యాలకు, ఇటు కవ్వాల్ పులుల అడవికి మధ్య ఉన్న అడవి ప్రాంతం. ఎండాకాలం సాయంత్రం మడుగు దగ్గరికి మీ ఆవు ఒక్కటే రాదు.

ఈ సమాధానం చదివే మిగతావాళ్లకు ఒక హెచ్చరిక. ఇదంతా నల్లరాయికి. మన సరిహద్దులో యాభై, అరవై కిలోమీటర్లకే రాయి మారిపోతుంది. దెగ్లూర్, బిలోలి వైపు చాలాచోట్ల గ్రానైటు. అక్కడ పగులు దొరికితే బోరు కూడా పనికొస్తుంది. ఆదిలాబాద్ పక్క పెన్‌గంగ ఒడ్డున, వణి వైపు సున్నపురాయి. రాజురా, ఆసిఫాబాద్ బొగ్గు వైపు ఇసుకరాయి, అది నీళ్లను బాగా పట్టుకుంటుంది. అక్కడివాళ్లు నా 45 అడుగుల మాట పట్టుకుని నష్టపోవద్దు.

యవత్మాళ్ జిల్లా పాండర్‌కవడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లున్నాయి. మనుషులకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, పశువులకు 2 దాకా పర్వాలేదంటారు. ఎక్కువైతే ఎద్దు పళ్లు గోధుమరంగు చారలు కట్టి అరిగిపోతాయి, మేత నమలలేదు. ఏ నీళ్లయినా మొదటిసారి జిల్లా ల్యాబులో పరీక్ష చేయించాకే మందకు పెట్టండి. పేడ కుప్ప బావికి దూరంగా, దిగువన ఉండాలి. లేకపోతే నైట్రేటు మీరే కలిపినట్టు.

కాగితాల విషయం. మీ భూమి మహారాష్ట్రలో ఉంది కాబట్టి అక్కడి 2009 భూగర్భజల చట్టం వర్తిస్తుంది, అది 60 మీటర్లు దాటిన దాన్ని లోతు బావిగా లెక్కిస్తుంది. తవ్వే ముందు తహసీలులో అడగండి, తవ్వాక సాత్‌బారాలో, అంటే అక్కడి భూమి రికార్డులో, బావి ఎక్కించుకోండి. ఇటు తెలంగాణలో అయితే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

మొదటి ఏడు 30 ఆవులు తేకండి. 10 ఆవులు, 20 మేకలతో మొదలుపెట్టండి. బావి మట్టం ఏడాదికి మూడుసార్లు కొలవండి: పొలాల అమావాస్యకు ఒకసారి, హోలీకి ఒకసారి, మృగశిరకు ముందు ఒకసారి. తాడుకు ముడి వేసి, తేదీతో గోడ మీద బొగ్గుతో రాసినా చాలు. మూడో కొలతలో రోజుకు 10 సెంటీమీటర్ల ఊట రెండు వేసవులు వరసగా నిలిస్తే, అప్పుడు మిగతా 20 తెచ్చుకోండి.

మీరు పెట్టిన రెండో ఫోటోలో, వాగు మలుపు దగ్గర, కుడివైపు ఒక చెట్టు ఉంది. ఆకు చూస్తే మేడిలా అనిపించింది. ఫోటో ఏ నెలలో తీశారో రాయండి. మే నెలలో అయితే, ఈ వారంలోనే ఆ చెట్టు కింద గడ్డపారతో నాలుగడుగులు తవ్వి, కింది మట్టి పిడికిట పట్టి నొక్కి చూడండి. ముద్ద కట్టిందో, పొడిగా రాలిందో ఇక్కడే చెప్పండి.